ఆదివారం పుట్టని మెషీన్లు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి ఒక జబ్బు ఉంటుంది. తనకు తెలిసిన సంగతి అవతలివాళ్లకు విడమరిచి చెబితే చాలు, అంతా సర్దుకుంటుందని నమ్మడం. ఆ రోజుల్లో నాకు ఆ జబ్బు బాగా ముదిరి ఉండేది. నస్పూర్‌లో గని కార్మికుల క్వార్టర్లలో పెరిగి, కంప్యూటర్ చదువు చదివి, కరీంనగర్‌లో ఒక చిన్న ఆఫీసులో చేరాను. అక్కడ ఒక సెక్షన్ ఊళ్లోని కాలేజీల లెక్కలు చూసేది. ఇంకోటి గల్ఫ్‌లో ఒక కంపెనీకి కార్మికుల సెలవులు, విమానం టికెట్లు చూసిపెట్టేది. నా పని వీళ్లందరికీ వర్చువల్ మెషీన్లు తయారుచేయడం. అదేమిటో మా అవ్వకు ఫోన్‌లో చెప్పబోయి భంగపడ్డాను. “నువ్వు చేసే కంప్యూటరు ఎట్లుంటది బిడ్డా?” అని అడిగింది. “కంటికి కనవడదే అవ్వా. ఒక్క పెద్ద మిషిన్ల వాటాలేసి చిన్న చిన్నయి చేస్తం. పొద్దుగాల పుట్టిస్తం, పొద్దుమీకి తీసేస్తం” అన్నాను. అవ్వ అంతా విని, “జీతమన్న కంటికి కనవడ్తదా?” అంది.

ఆఫీసుకు ఇద్దరు సార్లు. పెద్దసారు యజమాని. చిన్నసారు ఆయన భార్య తమ్ముడు, చాలా ఏళ్లు గల్ఫ్‌లో ఉండి ఆ కంపెనీ పనిని తెచ్చిపెట్టిన మనిషి. (ఆయన లేనప్పుడు అందరం బామ్మర్ది సారు అనేవాళ్లం. ఆయనకు తెలుసు.) ఇద్దరూ మంచివాళ్లే. ఒక్కొక్కరుగా ఉన్నప్పుడు.

ఇక ఆ మెషీన్ల సంగతి. ఒక మెషీన్ పుట్టేటప్పుడు అది ఎట్లా ఉండాలో కొన్ని ఫైళ్లలో రాసిపెడతాం. మొత్తం ఆఫీసుకు ఒక ఫైలు ఉంటుంది, అది పెద్దసారు చేతిలో. దాని తర్వాత సెక్షన్ ఫైలు. గల్ఫ్ సెక్షన్‌ది చిన్నసారు చేతిలో. చివర ఒక్కో మెషీన్‌కు దాని సొంత ఫైలు, అవి నా చేతిలో. యంత్రం వీటిని ఇదే వరసలో చదువుతుంది. ఒకే సంగతి రెండు చోట్ల రెండు రకాలుగా రాసి ఉంటే, చివర చదివిందే చెల్లుతుంది. ఇంతే. నాకు ఇందులో వింత ఏమీ కనబడలేదు. పెద్దసారుకు కనబడింది.

ఆయన కరెంటు వృథా కాకూడదని ఆఫీసు ఫైలులో సాయంత్రం ఆరింటికి మెషీన్లన్నీ ఆగిపోవాలని పెట్టాడు. గల్ఫ్ టైము మనకంటే వెనక కాబట్టి చిన్నసారు తన ఫైలులో ఎనిమిదిన్నర అని పెట్టాడు. ఒక సాయంత్రం పెద్దసారు నా కుర్చీ దగ్గరికి వచ్చాడు. “ఏం పిల్లా, ఆరింటికి బందు కావాలని పెట్టిన గదా? గీ సెక్షన్ల ఇంకా నడుస్తున్నయేంది?”

“చిన్నసారు సెక్షన్ ఫైల్ల ఎనిమిదిన్నర పెట్టిండు సార్. ఎన్క చదివిందే చెల్లుతది.”

“అంటే ఓనర్ మాట చెల్లది, బామ్మర్ది మాట చెల్లుతది?”

అక్కడ నోరు మూసుకోవాలి. నేను చదువుకున్న పిల్లను కదా. “మెషీన్ లెక్కల గంతే సార్” అన్నాను.

ఆయన పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “మరి వాని ఫైలు ఎన్క ఇంకేమన్న చదువుతదా?” అన్నాడు. మెషీన్ ఫైలు చదువుతుందని చెప్పాను. “దాంట్ల ఆరు పెట్టు.” గల్ఫ్ సెక్షన్‌లో ఎన్ని మెషీన్లు ఉన్నాయో అన్ని ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి ఆరు అని రాశాను. మరునాడు సాయంత్రం ఆరింటికి, చిన్నసారు అక్కడి మేనేజరుతో మాట్లాడుతుండగా మాట మధ్యలో తెర నల్లగా అయిపోయింది. ఆయన పరుగున వచ్చాడు. “చెల్లె, నా ఫైల్ల ఎనిమిదిన్నరనే ఉన్నది. నా కండ్లతోని చూసిన!” జరిగింది చెప్పాను. “గట్లనా. మరి గా మెషీన్ ఫైలుకు ఎన్క?” అన్నాడు. (అబద్ధం చెప్పి ఉంటే నా ఆయుష్షు కొంచెం పెరిగేది.) మెషీన్‌ను పుట్టించేటప్పుడు ఆజ్ఞలో చేత్తో రాసినది అన్నింటికంటే చివరిది, దాని మీద ఏ ఫైలు మాటా చెల్లదు అని చెప్పాను.

ఆ తర్వాత నా ఉదయాలు ఉదయాలుగా లేవు. ఎవరు ముందొచ్చి నా వెనక నిలబడితే ఆ రోజు వాళ్లది. పది దాటితే గానీ రాని పెద్దసారు, ఆఫీసు ఊడుస్తుండగానే వచ్చి తడి నేల మీద మునివేళ్లతో నడిచేవాడు. చిన్నసారు టిఫిన్ డబ్బా తెచ్చుకుని నా పక్క కుర్చీలోనే ఉప్మా తినేవాడు. పొద్దుటి నిద్ర అయినా మానారు గానీ పంతం మానలేదు. నేను మాత్రం ఇద్దరికీ ఆ వరస మళ్లీ మళ్లీ చెప్పేదాన్ని. చెబితే అర్థమవుతుందని.

అంతలో గల్ఫ్ కంపెనీవాళ్లు తమ సెక్షన్‌కు శుక్రవారం సెలవు ఉండాలనీ, ఆదివారం పని జరగాలనీ అన్నారు. ఆఫీసు ఫైలులో వారపు సెలవు ఆదివారం అని మొదటి నుంచీ ఉంది. చిన్నసారు తన ఫైలులో శుక్రవారం అని చేర్చి, “ఇంక ఫికర్ లేదు గదా చెల్లె?” అని అడిగాడు. “ఏం లేదు చిన్నసారు. ఆదివారం పోయి శుక్రవారం వస్తది” అన్నాను. శుక్రవారం మెషీన్లు పుట్టలేదు. నేను తలంటుకుని ఆఫీసుకు వచ్చి అది చూసి, నా తెలివికి నేనే మురిసి, సాయంత్రం గాజులు కొనుక్కున్నాను.

ఆదివారం అందరికంటే ముందు ఆపా వచ్చింది. గల్ఫ్ సెక్షన్‌కు ఆమే పెద్ద, అందుకే అందరికీ ఆపా, అంటే అక్క. కరీంనగర్ ఆడబిడ్డ, తెలుగులో మొదలుపెట్టిన మాటను ఉర్దూలో ముగించగలదు. ఆ రోజు సెలవు మీద ఇంటికొచ్చే కార్మికుల పేర్లు అక్కడి మధ్యాహ్నంలోపు ఖాయం చేయాలి. ఆలస్యమైతే విమానంలో వాళ్ల సీట్లు ఇంకెవరికో పోతాయి. అందులో ఆపా తమ్ముడి పేరు కూడా ఉంది. అతను వెళ్లాక పుట్టిన కొడుకు ఇప్పుడు ఇల్లంతా పరుగెడుతున్నాడు. “మీ అబ్బాజాన్ ఏడున్నడురా అంటే ఫోను చూపిస్తడు బేటా” అని ఆపా నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వు చూడటం కష్టంగా ఉండేది.

మిగతావాళ్లూ వచ్చారు. హుస్నాబాద్ నుంచి మొదటి బస్సుకు వచ్చినవాళ్లున్నారు. అందరూ ఆదివారం మటన్ వదులుకుని వచ్చినవాళ్లే. అందరి తెరల మీదా ఒకే మాట: మీకు ఈ రోజు మెషీన్ లేదు.

నేను సెక్షన్ ఫైలు తెరిచాను. శుక్రవారం అనే ఉంది. మళ్లీ పుట్టించాను, పుట్టలేదు. మెషీన్ ఫైలులో సెలవులేమీ లేవని రాశాను, పుట్టలేదు. చివరికి అన్నింటికంటే గొప్పదని నేనే చాటిన ఆజ్ఞలో కూడా సెలవులు లేవని చేత్తో రాశాను. లేదు. వెనక నుంచి ఎవరో, “గీ పిల్లకు వస్తదా పని?” అన్నారు. అప్పుడు, ముందే చేయాల్సిన పని చేశాను. అన్ని ఫైళ్లూ కలిపి చదివాక నీకు ఏం అర్థమైందో చూపించమని యంత్రాన్నే అడిగాను. చూపించింది. వారపు సెలవులు: ఆదివారం, శుక్రవారం. రెండూ పక్కపక్కన బుద్ధిగా కూర్చున్నాయి.

ఆపే టైము ఒక్కటే ఉండాలి కాబట్టి వెనకది ముందుదాన్ని తోసేస్తుంది. సెలవులు ఒక జాబితా. జాబితాలు ఒకదాన్నొకటి తోసుకోవు, కలిసిపోతాయి. నేను చేర్చిన ఖాళీ జాబితా కూడా కలిసింది, ఖాళీగా. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. మిగిలిన దారి ఒక్కటే, ఆఫీసు ఫైలులోంచి ఆదివారం తీసేయాలి. దానికి పెద్దసారు ఫోన్‌కు వచ్చే ఓటీపీ కావాలి. సార్లిద్దరూ చుట్టాల పెళ్లికి జైనూరు పోయారు. గుట్టల మధ్య ఊరు, ఫోను ఒకచోట పలికితే ఇంకోచోట పలకదు.

చివరికి చిన్నసారు ఫోన్ కలిసింది. వెనక బ్యాండు దంచేస్తోంది. “నేనైతే శుక్రారం మంచిగనే పెట్టిన చెల్లె! బావను ఆదివారం తీసెయ్యమను!” ఫోను చేతులు మారింది. “ఆదివారం ఎట్ల తీస్తం? కాలేజీ సెక్షనోళ్లకు సెలవొద్దా? వాని శుక్రారమే తీసెయ్!” అన్నాడు పెద్దసారు.

“శుక్రవారం తీసినా లాభం లేదు సార్. ఆదివారమే అడ్డమున్నది. కాలేజీ సెక్షన్ ఫైల్ల దాన్ని వేరే రాస్త.”

“ఎన్కదే చెల్లుతదని రోజూ నా పాణం తీసినవు గదా?”

“జాబితాకు చెల్లది సార్. కలుస్తది.”

“ఒకదానికి ఒక తీరు, ఇంకోదానికి ఇంకో తీరా? గిదేం మిషినమ్మా!” (ఆయనతో నేను మనస్ఫూర్తిగా ఏకీభవించింది అప్పుడే.)

ఈలోగా అక్కడ బావాబామ్మర్దులు ఒకరినొకరు అనుకోవడం మొదలైంది. ఆపా నా చేతిలోంచి ఫోను తీసుకుంది. గొంతు పెంచలేదు. “సార్, సలాం. మీ ఇద్దరి పంచాది మల్ల పెట్టుకోండ్రి. మా తమ్ముడు కొడుకును ఇంతవరకు ఎత్తుకోలే. ఓటీపీ చెప్పుండ్రి. జర జల్దీ.”

అవతల ఇద్దరూ ఓటీపీ కోసం సిగ్నల్ వెతుకుతూ గుట్టెక్కారట. తర్వాత పెద్దసారు అంకెలు చెప్పడం మొదలుపెట్టాడు, బ్యాండు మింగేసింది. మళ్లీ చెప్పాడు, మళ్లీ మింగేసింది. అప్పుడు చిన్నసారు కూడా గొంతు కలిపాడు. ఇద్దరూ గుట్ట మీద నిలబడి, పెళ్లివాళ్లంతా చూస్తుండగా, ఒక్కో అంకెనూ కలిసి అరిచారు. వాళ్లిద్దరూ ఒకేసారి ఒకే మాట అనడం నేను విన్నది అదే మొదలు.

మెషీన్లు పుట్టాయి. ఆపా ఎవరినీ చూడకుండా కూర్చుని పేర్లు ఖాయం చేసింది. చివరన తమ్ముడి పేరు దగ్గర ఆమె వేళ్లు ఒకసారి ఆగాయి. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, “ఏం చూస్తున్నవ్ బేటా, కాలేజోళ్ల సెలవు ఎవరు రాస్తరు?” అంది. రాశాను. కొన్నాళ్లకు తమ్ముడు వచ్చాడు. పిల్లవాడు ఎదురుగా ఉన్న మనిషిని చూసి, ఫోను చేతిలోకి తీసుకుని, అందులో ఉండాల్సినాయన లేడేమిటని తిప్పి తిప్పి చూశాడట. ఆపా చెబుతూ నవ్వింది. ఈసారి చూడొచ్చు ఆ నవ్వును.

ఓటీపీ గొడవ జరిగిన మరునాడే, సోమవారం, నేను ఒక పెద్ద కాగితం తీసుకున్నాను. ఏ ఫైలు తర్వాత ఏది చదువుతుంది, ఏది దేన్ని తోసేస్తుంది, ఏవి కలిసిపోతాయి అన్నీ చక్కటి తెలుగులో, రెండు రంగుల స్కెచ్ పెన్నులతో రాసి, అందరూ నీళ్లు తాగే చోట గోడకు అతికించాను. సార్లిద్దరూ వచ్చి పక్కపక్కన నిలబడి, గ్లాసులు పట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివారు. తల ఊపారు. మరునాటి నుంచి పెద్దసారు టైముల జోలికి పోవడం మానేసి, జాబితాల్లో తనకు కావలసినవి చేర్చడం మొదలుపెట్టాడు. అవి పోవని ఇప్పుడు ఆయనకు తెలుసు కదా. వాళ్లు గొడవ మానలేదు, గొడవ పడే పద్ధతి నేర్చుకున్నారు. గురువును నేనే.

ఇప్పుడు నేను అలాంటి కాగితాలు రాయను. ఇద్దరు మనుషులు రెండు రకాలుగా చెబితే, ముందు వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి చాయ్ తెప్పిస్తాను, ఫైలు తర్వాత తెరుస్తాను. కానీ అప్పుడప్పుడు ఆ పిల్ల గుర్తొస్తుంది. చేతులకు కొత్త గాజులు, వేళ్లకు స్కెచ్ పెన్ను మరకలు. కాగితం అతికించి రెండడుగులు వెనక్కి జరిగి, ఇక ఈ ఆఫీసులో ఎవరూ పోట్లాడుకోరని ఎంత నమ్మకంగా చూసుకుందో. పాపం, ఊడిపోకుండా నాలుగు మూలలా టేపు కూడా వేసింది.