సబ్జా గింజల సాక్ష్యం

మా మేనత్త చేతులు చల్లబడ్డాయని నాకు తెలిసింది నిరుడు మే నెలలో. సికింద్రాబాదులో మే నెలలో ఎవరి చేతులూ చల్లగా ఉండవు. మారేడ్‌పల్లిలో ఆమె ఇంటి గేటు మధ్యాహ్నానికి ముట్టుకోనివ్వదు. ఆ గేటు తోసుకుని లోపలికి వెళ్లి, ఆమె ఇచ్చిన మజ్జిగ గ్లాసు అందుకుంటుంటే వేళ్లు తగిలాయి. గ్లాసు కంటే వేళ్లే చల్లగా ఉన్నాయి.

"చూశావా? చలవ చేసింది," అంది సంబరంగా.

ఆమె గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడి బడిలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది. ఎండాకాలం వచ్చిందంటే గేటు పక్కన స్టూలు మీద మజ్జిగ కుండ పెడుతుంది, తడిగుడ్డ చుట్టి. అల్లం, ఉప్పు, దబ్బాకు. సందులో ఎవరొచ్చినా తనే ముంచి పోస్తుంది. ఇంట్లోకి వెళితే పొద్దున రాగి అంబలి, తర్వాత బార్లీ నీళ్లు, పెరుగులో నానిన మెంతులు, గాజు గిన్నెలో కప్పగుడ్లలా ఉబ్బిన సబ్జా గింజలు.

ఈ తిండి మీద నాకు పగ లేదు. అంబలి కడుపుకు హాయి. మజ్జిగ తేలిగ్గా అరుగుతుంది. నానిన సబ్జా తింటే విరేచనం సాఫీగా అవుతుంది. నేనూ తాగుతాను, తింటాను. నా పోట్లాటంతా వేడి, చలవ అనే ఆ రెండు మాటలతోనే. కళ్లు మండినా వేడే, నోరు పూసినా వేడే, కడుపులో గునపం గుచ్చినట్టున్నా వేడే. జబ్బుకు పేరు దొరికిందనుకున్నవాడు ఇక దాన్ని వెతకడు. మన దేశంలో వెతకనివ్వని మాటలు చాలా ఉన్నాయి. ఇవి వాటిలో తియ్యగా ఉండేవి, అందుకే ఎక్కువ ప్రమాదం.

అత్తకు మోకాళ్ల నొప్పులు. ఎదురింట్లో మిషను కుట్టే ఆమెకూ అవే నొప్పులు. ఆమె చెప్పగా అత్త కూడా మందుల షాపులో ఆమె వాడే నొప్పి మాత్రలే కొనుక్కుని మార్చి నుంచే రోజూ వేసుకోవడం మొదలుపెట్టింది. డాక్టరు చీటీ లేదు. నేను వద్దన్నాను.

"మాత్ర వేడి, మజ్జిగ చలవ. ప్లస్సూ మైనస్సూ కలిస్తే సున్నా. జీవితమంతా లెక్కలు చెప్పాన్రా, నాకు నేర్పకు."

"కడుపు పలక కాదత్తా, తుడిచేస్తే పోవడానికి."

"మాత్రలు మానేస్తాను. మేడ మెట్లు నువ్వెత్తుకుని ఎక్కిస్తావా మరి?"

కడుపులో మంట లేస్తే చల్లటి పాలు తాగేది. మంట కాసేపు అణిగేది. చలవకు తగ్గింది కాబట్టి అది వేడేనని ఆమెకు రుజువైపోయేది. మర్నాడు మళ్లీ మాత్ర, మళ్లీ మజ్జిగ.

జూన్ వచ్చేసరికి ఆమె గోడ పట్టుకుని నడుస్తోంది. మెట్ల మధ్యలో ఆగి, కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నిలబడి ఊపిరి తీసుకుంటోంది. పెదవులు పాలిపోయాయి. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి కుర్చీలో కూలబడింది. ఎదురింటామె కూడా అక్కడే ఉంది. కడుపు ఎలా ఉందని గుచ్చిగుచ్చి అడిగితే అత్త విసుక్కుంది.

"బానే ఉందిరా. కాస్త నల్లగా వెళ్తోంది, అంతే."

"నల్లగా అంటే?"

"తారులాగా. పొద్దున సబ్జా, మధ్యాహ్నం నేరేడు పళ్లు. నల్లవి తింటే నల్లగా కాక తెల్లగా వెళ్తుందా? కారణం లేనిదే కార్యం లేదని మీ హేతువాద సభల్లో గొంతు చించుకునేది నువ్వేగా!"

ఎదురింటామె పకపకా నవ్వింది. "టీచరమ్మ మస్తు పట్టిండ్రు సార్! ఇగ మీరేమంటరు?"

అత్త నా కత్తితో నన్నే పొడిచింది. ఆమె చెప్పిన కారణం అసాధ్యమేమీ కాదు. కానీ కడుపులో నెత్తురు కారినా అదే రంగు. నేను నవ్వలేకపోయాను. ఇవాళే డాక్టరు దగ్గరకు పోదామన్నాను. కదలనంది. సరే, కారణం అదేనంటే పరీక్షిద్దాం అన్నాను. రెండు మూడు రోజులు సబ్జా మానాలి, నేరేడు పళ్లు మానాలి. నలుపు పోతే నేను వచ్చే ఆదివారం చర్చికి వచ్చి, ముందు వరసలో కూర్చుని పాటలు పాడతాను. పోకపోతే ఆమె నోరెత్తకుండా ఆసుపత్రికి రావాలి.

"నువ్వు పాటలు పాడతావా! ప్రభువే దిగొచ్చి వింటాడు," అంది.

వాదంలో ఓడిపోవాలని నేను కోరుకోవడం అదే మొదలు. పాటలు కూడా పాడదామనే సిద్ధపడ్డాను.

బుధవారం పొద్దున ఫోన్ మోగింది. "ఒరేయ్, నువ్వు చర్చికి రానక్కర్లేదులే," అంది. గొంతు చాలా చిన్నగా ఉంది. "సబ్జా గిన్నె బోర్లించే ఉంది. నలుపు మాత్రం అలాగే ఉంది."

ఆటోలో ఆమె తల నా భుజం మీద పడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు కింది కనురెప్ప లాగి చూసింది. లోపల కాగితం తెలుపు. మాత్రలు కడుపులో పుండు చేశాయనీ, దాంట్లోంచి వారాలుగా నెత్తురు కారుతోందనీ, ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే మనిషి దక్కేది కాదనీ చెప్పింది. చేతులు చల్లబడింది చలవ వల్ల కాదు. ఒంట్లో నెత్తురు లేక.

నెత్తురు ఎక్కించాక ఆమె చెయ్యి వెచ్చబడింది. ఆ వెచ్చదనాన్ని వదలకుండా పట్టుకుని కూర్చున్నాను. ఆమె కళ్లు తెరిచి, "ఒళ్లంతా వేడెక్కిందిరా. చలవ చేసేదేమన్నా తెచ్చావా?" అంది.

ఈ ఎండాకాలం కుండ మళ్లీ గేటు దగ్గరకు వచ్చింది. అత్త మాత్రలు మానేసింది. ఎక్కువసేపు నిలబడలేకపోతోంది కాబట్టి మజ్జిగ పోసేది నేనే. నిన్న మధ్యాహ్నం ఎదురింటామె గుప్పిట్లో ఏదో పట్టుకుని వచ్చింది.

"అవే మాత్రలా? అత్తకు ఏమైందో చూశారుగా?"

"నాకేం గాదు సార్. టీచరమ్మకు చలవ సాల్లేదు, గందుకే గట్లయింది. నేను రెండు గ్లాసులు తాగుతున్న. జెర నిండుగ పొయ్యుండ్రి."

గ్లాసు అందించాను. ఆమె వేళ్లు నా చేతికి చల్లగా తగిలాయి.

గ్లాసు చల్లదనమే అయి ఉంటుందని అనుకోవచ్చు. నేను అనుకోలేదు. గ్లాసు కింద పెట్టించి, కనురెప్ప లాగి చూపించమన్నాను.