పసుపు బొట్ల పుస్తకం

మొన్న శనివారం మా బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. బత్తలపల్లె దగ్గర ఒక పల్లెలో మూడో తరగతి పంతులమ్మను నేను. అందరూ కూర్చున్నాక ఒకామె ఆలస్యంగా వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె పక్క నుంచి పోతుంటే కొంగు నుంచి శనక్కాయల పొట్టు వాసన కొట్టింది. పొద్దంతా విత్తనం కాయలు ఒలిచినవాళ్ల ఒంటికి పట్టే వాసన అది. ఆమెను బయటికి తీసుకుపోయి, వేపచెట్టు కింద కూర్చోబెట్టి, ఆమె కొడుకు గురించి అక్కడే మాట్లాడాను. చదువు రాని తల్లిని పదిమందిలో నేను ఏ ప్రశ్నా అడగను. తోటి టీచర్లు దీన్ని నా మంచితనమనుకుని మెచ్చుకుంటారు. మెచ్చుకున్న ప్రతిసారీ నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆ పద్ధతి నాకు వలీ సార్ నుంచి వచ్చింది. ఎందుకు వచ్చిందో ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

శింగనమల దగ్గర మా ఊరి బడిలో వలీ సార్ నాకు మూడో తరగతి చెప్పారు. పామిడి మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. రోజూ రెండు బస్సులు మారి వచ్చి, సాయంత్రం అయిదు గంటల బస్సుకు వెళ్లిపోయేవారు. బడిలో చెప్పిన పాఠం ఇంట్లో ఒక్కసారైనా వినిపించకపోతే పిల్లలకు నిలవదని ఆయన గట్టి నమ్మకం. అందుకని ప్రతి పిల్లకూ ఒక చిన్న నోటుపుస్తకం ఇచ్చారు. సాయంత్రం ఇంట్లో పాఠం పైకి చదవాలి. విన్నవాళ్లు ఆ రోజు పేజీలో సంతకం చేయాలి. సంతకం రానివాళ్లు వేలితో పసుపు బొట్టు పెడితే చాలన్నారు. "చదవడం రాకున్నా వినడం వస్తాది గదా. చెవులకు ఎవురూ పలక పట్టించే పన్లేదు" అనేవారు నవ్వుతూ.

మా నాయన బోర్లు వేసే బండి పనికి పోయి వారాల తరబడి ఇంటికి వచ్చేవాడు కాదు. కాబట్టి వినే పని మా అమ్మ నారాయణమ్మకు పడింది. ఆమె దాన్ని పూజలాగా పట్టుకుంది. కూలికి శనక్కాయలు ఒలిచి వచ్చి, చేతులు కడుక్కుని, పొయ్యి కూడా ముట్టించకుండా ముందు నా ఎదురుగా కూర్చునేది. చిక్కేమిటంటే నాకు చదవడం రాదు. అక్షరాలు తెలుసు, కలిపితే నోరు తిరిగేది కాదు. ఒక్క కోతి పాఠం మాత్రం తరగతిలో అందరూ వల్లించగా వల్లించగా నోటికొచ్చింది. గాలిపటం పట్టుకోబోయి చెరువులో పడ్డ కోతి కథ అది. రోజుకొక పేజీ తెరిచి, వేలు పెట్టి, అదే కథ అప్పజెప్పేదాన్ని. ఒకరోజు కోతి, మర్నాడు ఏనుగు, ఆ మర్నాడు నక్క. అందరూ గాలిపటం కోసమే చెరువులో పడేవాళ్లు.

అమ్మ మరీ అమాయకురాలేమీ కాదు. ఒకరోజు అడిగింది కూడా.

"ఏమే, ఈ కతలన్నీ ఒకే మాదిరి ఉండాయి?"

"మా పుస్తకంలో అన్నీ అట్లే ఉంటాయి మా. నీకు తెల్దులే."

నీకు తెలియదులే అంటే మా అమ్మ వెనక్కి తగ్గుతుంది. ఆ సంగతి నాకు ఎనిమిదేళ్లకే తెలుసు. అమ్మ పసుపులో వేలు ముంచి బొట్టు పెట్టింది.

అర్ధసంవత్సర పరీక్షలకు ముందు సార్ తల్లిదండ్రులను పిలిచారు. ఒక్క రోజు కూడా తప్పని పుస్తకం నాదొక్కటే. దాన్ని పైకెత్తి అందరికీ చూపించి, "నారాయణమ్మా, నీ బిడ్డ ఏమేమి పాఠాలు చదివిందో ఒకటి చెప్పమ్మా" అన్నారు. అమ్మ లేచి నిలబడింది. ఆ రోజు ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కోతి కథ పొల్లుపోకుండా చెప్పింది. సార్ ముఖం వెలిగిపోయింది. "ఇంకొకటి?" అన్నారు. అమ్మ ఉత్సాహంగా ఏనుగూ గాలిపటమూ మొదలుపెట్టింది. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత పెద్దలు నవ్వారు. నక్క దగ్గరికి వచ్చేసరికి అంగడి శెట్టి గారు కళ్లు తుడుచుకుంటూ, "ఏమప్పా సార్, సదువు రానోళ్లకు అప్పజెప్తే ఇట్లే ఉంటాది మల్ల" అన్నారు.

నేను కూడా నవ్వాను. ఇది చెప్పకుండా దాటేయవచ్చు, కానీ అప్పుడు ఈ రాతకు అర్థం లేదు. పక్కన అందరూ నవ్వుతున్నారు, నేనొక్కదాన్నే నవ్వకపోతే దొరికిపోతానని నవ్వాను. అమ్మ నావైపు చూసింది. తర్వాత సార్ వైపు తిరిగి, "నేనే సరిగ్గా ఇనలేదేమో సార్. పొద్దంతా పనిచేసి వస్తా, కునుకుతా ఉంటా. పాప బాగనే సదివింటాది" అంది. నా తప్పును అంతమంది ముందు తన నెత్తిన వేసుకుని కూర్చుంది. సార్ నవ్వలేదు. నా వైపు ఒక్కసారి చూశారు. ఆయనకు అర్థమైపోయింది.

మర్నాడు సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు. అమ్మ వేసిన చాప మీద కూర్చుని, "తప్పు నాదమ్మా. అందరి ముందర అడగకూడదు. నన్ను మన్నించు" అన్నారు. ఒక సార్ కూలిమనిషిని మన్నించమనడం నేను చూడడం అదే మొదటిసారి.

"అయ్యో, మీదేం తప్పు సార్" అంది అమ్మ. "నా వల్లనే పాప సదువు సెడింది. ఇంగ నేను కూసోను. సదివినోళ్లు సూసుకునే పని అది."

"నువ్వు కూసోవాల్సిందేనమ్మా. పాపా, నువ్వన్నా చెప్పు" అని సార్ నా వైపు తిరిగి ఆగారు. చాలాసేపు ఆగారు. నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. గుమ్మం పట్టుకుని కాలి బొటనవేలితో నేల గీరుతూ నిలబడ్డాను.

ఆ తర్వాత రోజూ బడి వదిలాక ఒక గంట నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సార్ చదివించారు. అయిదు గంటల బస్సు పోయేది. ఏడు గంటల బస్సుకు పోయేవారు. వేసవి సెలవుల నాటికి ఏ పేజీ తెరిచినా చదవగలిగాను. ఒకసారి ధైర్యం చేసి, "మా అమ్మకు మీరే చెప్పండి సార్" అన్నాను.

"నేను చెప్తే నీకు నాలుగు దెబ్బలు పడతాయి, అంతే. నువ్వు చెప్తేనే ఆమె మళ్లా నీ ఎదురుగ్గా కూసుంటాది" అన్నారు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

ఉద్యోగం వచ్చాక మిఠాయి పెట్టె పట్టుకుని పామిడి వెళ్లాను. అప్పటికే ఆయన ముసలివారయ్యారు. ఎంతో సంతోషించారు. మా అమ్మ ఆరోగ్యం అడిగి, గొంతు తగ్గించి, "అమ్మకు చెప్పినావా పాపా?" అన్నారు. ఇన్నేళ్లూ ఆయన మరిచిపోలేదు. "చెప్పినాను సార్" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "మంచి పని చేసినావు. ఇంగ నువ్వు మంచి టీచరవుతావు" అన్నారు. పోయినేడాది ఆయన చనిపోయారు.

ఇప్పుడు నా కూతురు రెండో తరగతి. నిన్న సాయంత్రం నాకు బడి రికార్డుల పని ఉండి, "అమ్మా, పాప చదువుతుంది, కాస్త కూర్చుని విను" అన్నాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల కూడా ఎత్తలేదు.

"నేనొద్దులే మే. నేను ఇంటే పిల్లకు తప్పులొస్తాయి. నీ సదువప్పుడు సూడలేదా" అంది. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా అంది. మనవరాలి చెయ్యి పట్టుకుని, చదివించమని పక్కింటి డిగ్రీ పిల్ల దగ్గరికి తీసుకుపోయి వదిలి వచ్చింది.

ఇరవై ఏళ్లకు పైగా మా అమ్మ ఆ తప్పు తనదేనని నమ్ముతూ బతికింది. వలీ సార్‌కు నేను చెప్పిన మాట ఇంకా అబద్ధంగానే ఉంది. ఇది రాస్తుంటే వంటింట్లో అమ్మ చేట చెరిగే చప్పుడు వినిపిస్తోంది. లేచి పది అడుగులు వేయాలి. వలీ సార్ ఆ రోజు మా ఇంట్లో నా మాట కోసం ఆగినంతసేపు నేనూ ఇక్కడ ఆగి ఉన్నాను.