ముట్టుకోమన్న రోజు

నూతివారిపాలెం హైస్కూల్లో సైన్సు ల్యాబుకు ఒక తాళం ఉంది. ల్యాబు పరికరాలన్నిటిలోకీ సక్రమంగా పనిచేసేది అదొక్కటే. దాని చెవి పాతికేళ్లుగా క్రీస్తుదాసు మాస్టారి బెల్టుకు వేలాడుతోంది. ఆయన బడి ఆవరణలో ఎక్కడున్నదీ ఆ చెవి చప్పుణ్ణి బట్టి పిల్లలు కనిపెట్టేస్తారు.

మాస్టారిది నల్లపాడు. రోజూ పొద్దున్నే స్కూటరెక్కి, ప్రత్తిపాడు దాటి, ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప, మధ్యలో గుంతలుగా సాగే దారిన వచ్చి భౌతికశాస్త్రం చెబుతారు. బోర్డు మీద ఆయన గీసే బన్సెన్ బర్నరుకు చుట్టుపక్కల మండలాల్లో పేరుంది. మంటకు నీలం సుద్దముక్క, లోపలి మంటకు లేతనీలం. ఆ లేతనీలం ముక్క కోసం ప్రత్యేకంగా గుంటూరు వెళ్లి వస్తారు. అసలు బర్నరు మాత్రం బీరువాలో ఉంది. దానికి గ్యాసు లేదు. ఉన్నా ఆయన వెలిగించరు. ప్రభుత్వ సొత్తు. పగిలితే జవాబు చెప్పాలి. అందుచేత ఏడాదికొకసారి, ఇన్‌స్పెక్షనుకు ముందు, తలుపు తీసి పిల్లల్ని వరసగా లోపలికి నడిపించి, "చేతులు కట్టుకోండి. చూడండి. ముట్టుకోవద్దు" అని చెప్పి, మళ్లీ వరసగా బయటికి నడిపిస్తారు. ఏదెను తోటలో దేవుడు ఒక్క చెట్టునే వద్దన్నాడు. మాస్టారు అంతకంటే జాగ్రత్తపరుడు, బీరువాలన్నీ వద్దన్నారు.

ఈ కట్టుదిట్టమైన విజ్ఞానశాస్త్రానికి సమీరా వల్ల గండి పడింది.

ఒకరోజు ఆయన చెవిని తాళానికే వదిలేసి టీకి వెళ్లారు. కాసేపటికి ఎక్కడో గంట మోగింది. భోజనాల గంటనుకుని బడంతా పళ్లేలు పట్టుకుని వంటశాల వైపు నడిచింది. అందరికంటే ముందు హెడ్మాస్టరు శ్యామ్ సుందర్ గారు నడిచారు. మాస్టారు ల్యాబుకు పరుగెత్తి చూస్తే, బల్ల మీద విద్యుత్ గంట, దాని ముందు పదో తరగతి సమీరా. పట్టుబడగానే ఆ పిల్ల చటుక్కున లేచి చేతులు కట్టుకుంది.

"రేకు వంగిపోయుంది సార్. సరిచేశా, అంతే."

కొట్టడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. విద్యుత్ గంట బొమ్మను ఆయన పాతికేళ్లుగా బోర్డు మీద గీస్తున్నారు. అది మోగితే ఎలా ఉంటుందో వినడం మాత్రం అదే మొదలు.

"ఇంకోసారి మోగించు," అన్నారు, తలుపు దగ్గరికి వేసి.

సమీరా తండ్రి గఫూర్ పురుగుమందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసేవాడు. ఆ వాసన పీల్చీ పీల్చీ ఊపిరందక మంచాన పడ్డాడు. తల్లి జైతున్‌బీ కూలికి వెళుతుంది: సీజన్లో మిరప కోతలకు, ఎండాకాలం కోల్డుస్టోరేజీలో కాయల తొడిమలు తీయడానికి. పదో తరగతి పూర్తికాగానే కూతుర్నీ వెంట తీసుకుపోవడం అప్పటికే నిశ్చయమైంది. ఆ ఇంట్లో భవిష్యత్తు గురించి చర్చలు లేవు. అది ఏ షెడ్డులో ఉందో వాళ్లకు తెలుసు.

సరిగ్గా అప్పుడు హైదరాబాదు నుంచి ఒక సంస్థవారు వస్తున్నట్టు కబురొచ్చింది. పల్లెబడుల్లో పిల్లలకు సైన్సు, టెక్నాలజీ, డిజైను రంగాల ఉద్యోగాలను చేతులారా రుచి చూపిస్తారట. రోజంతా పిల్లలు చేసినవి చూసి, సాయంత్రం బడికొకరిని ఎంపిక చేస్తారు. ఆ ఒక్కరికీ వేసవి శిబిరం, ఆపైన డిప్లొమా దాకా చదువు, హాస్టలు, అంతా వాళ్లదే. మాస్టారు ఆ సాయంత్రమే జైతున్‌బీ గుమ్మంలో నిలబడ్డారు.

"అవ్వకపోతే?" అంది ఆమె, అంతా విని.

"అవుద్ది జైతున్‌బీ."

"అవుద్దని మీ బోర్డు మీద రాసుకోండి సారూ. నాకు మాత్రం చెప్పండి, అవ్వకపోతే?"

మాస్టారు బెల్టుకున్న తాళంచెవి సవరించుకున్నారు. "అప్పుడు నీ ఇష్టం."

"సరే. ఆ ఒక్కరోజు కోతకి తీసుకుపోను. ఎంపికైందా, పిల్ల మీది. కాలేదా, పరీక్షలైన తెల్లారే నాతో షెడ్డుకొచ్చుద్ది. మళ్లీ మీరు నా గడపలోకొచ్చి ఆశలు చెప్పకూడదు. ఒప్పుకుంటారా?"

మాస్టారు ఒప్పుకున్నారు. లోపల్నుంచి గఫూర్ దగ్గు తప్ప ఇంకే అభ్యంతరమూ వినపడలేదు.

కార్యక్రమానికి తేదీ హైదరాబాదులో నిర్ణయమైంది. అక్కడ మిరపకాయలు పొడి రూపంలోనే పండుతాయి కాబట్టి, ఫిబ్రవరి ఆఖరంటే ఏమిటో వాళ్లకు తెలియదు. ఫిబ్రవరి ఆఖరంటే కోతలు. కోతలంటే బడిలో మిగిలేవి గోడలే. ఆ రోజు పొద్దున వ్యాను వచ్చి ఆగేసరికి తొమ్మిదీ పదీ తరగతులు రెండూ కలిపి సమీరా, ఎనిమిది మంది మగపిల్లలూ ఉన్నారు. మధ్యాహ్నానికల్లా ముప్పై మంది లేకపోతే వ్యాను పక్క ఊరికి పోతుంది. అది వాళ్ల నియమం.

"మాస్టారూ, శాలువాలు ఐదు తెప్పించాను. పిల్లలు తొమ్మిది మంది. నిష్పత్తి బాగాలేదు," అన్నారు హెడ్మాస్టరు తీవ్రంగా.

మాస్టారు స్కూటరు తీసి చేలమీద పడ్డారు. ఊళ్లో కూలీల ముఠాకు మేస్త్రి ప్రేమమ్మ. ఆదివారం ఆయన వచ్చి పాడే ఈ ఊరి చర్చిలోనే ముందు వరసలో చాప వేసుకుని కూర్చునే మనిషి. ఆమె వెనక సాళ్లలో మగవాళ్ల పొడుగుచేతుల చొక్కాలు తొడుక్కుని, తలలకు గుడ్డలు చుట్టుకుని ఆయన తొమ్మిదీ పదీ తరగతుల ఆడపిల్లలు మొత్తం వంగి ఉన్నారు.

"ప్రేమమ్మా, మన పిల్లల్ని కాసేపు ఇవ్వు."

"ఇచ్చేదానికి వాళ్లు గంపలా ఏంది మాస్టారూ? రేపు వానంటన్నారు. కాయ ఈ రోజే కల్లంలో పడాల."

"వాళ్ల భవిష్యత్తమ్మా. దేవుడు నిన్ను దీవిస్తాడు."

"ఆయన ఆదివారం దీవిస్తన్నాళ్లే. ఈ సాళ్లు ఎవరు కోస్తారు, ఆయన కోస్తాడా?" అని, మాస్టారి మొహం చూసి మెత్తబడింది. "కూడు తినే టైమూ, దాని మీద ఒక గంట. ట్రక్కాటోలో తోల్తా. అదే ఆటోలో నాకు మళ్లా చేర్చాల. ఒక్క పిల్ల తగ్గినా చర్చిలో అందరి ముందూ అడుగుతా."

ఆటో దిగగానే ఆడపిల్లలంతా అలవాటుగా కుళాయి వైపు తిరిగారు. వ్యాను డ్రైవరు గడియారం చూస్తున్నాడు. మాస్టారు రెండు చేతులూ చాపి, కోళ్లను గంప కిందికి తోలినట్టు, "టైము లేదు, నీళ్లు తర్వాత, ముందు లోపలికి నడవండి!" అని అందర్నీ హాల్లోకి తోలేశారు. వాళ్ల చొక్కాల మీంచి ఘాటు గుప్పుమంటోంది. అది మాస్టారి ముక్కుకు తెలియలేదు. ఆ సీజన్లో ఆ నేల మీద ఎవరి ముక్కుకూ తెలియదు. ఒక్క హైదరాబాదు నుంచి వచ్చిన స్తుతి మేడమ్ మాత్రం వదలకుండా దగ్గుతోంది. వ్యానులో ఏసీ పడలేదేమోనని హెడ్మాస్టరు నొచ్చుకున్నారు.

తరవాత ప్రారంభోత్సవం ప్రారంభమైంది. ప్రార్థన, స్వాగతం, శాలువాలు, శాలువాలు కప్పినందుకు కృతజ్ఞతలు, ఆ కృతజ్ఞతలకు హెడ్మాస్టరు గారి స్పందన. చేతులతో పనిచేయడం ఎంత గొప్పదో ఆయన వివరిస్తుండగా, తెల్లారుజాము నుంచి చేతులతో పనిచేస్తున్న పిల్లలు కూర్చునే కునికారు. ప్రేమమ్మ ఇచ్చిన గంట అందులోనే పోయింది.

చివరికి స్తుతి మేడమ్ బల్లల మీద గుడ్డ తీసింది. ఒక బల్ల మీద అట్టలు, రబ్బరు షీట్లు, చిన్న మోటార్లు. ఇంట్లో ఎవరికైనా ఉన్న ఒక కష్టం తీర్చే వస్తువు తయారు చేయాలి. సమీరా నేరుగా అక్కడికి పోయి కత్తెర అందుకుంది. ఇంకో బల్ల మీద కళ్లకు తగిలించుకునే నల్లటి పెట్టెలు ఆరు. పెట్టుకుంటే రాకెట్టు తయారయ్యే చోట నిలబడ్డట్టే ఉంటుందట.

"రండి, ముట్టుకుని చూడండి. పెట్టుకోండి."

ఎవరూ కదల్లేదు. వరసగా నిలబడి, చేతులు కట్టుకుని, భక్తిగా పెట్టెల వైపు చూస్తున్నారు.

"వీళ్లెందుకు సార్ ఇలా నిలబడ్డారు?" అంది స్తుతి మేడమ్ బెంగగా.

మాస్టారు సిగ్గుపడ్డారు. గొంతు సవరించుకుని, పాతికేళ్ల ఉద్యోగంలో ఎన్నడూ అనని మాట అన్నారు. "ముట్టుకోండి."

పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఇది పరీక్షని వాళ్ల అనుమానం. మాస్టారి చెయ్యి అలవాటు కొద్దీ బెత్తం మీదికి పోయింది.

"ముట్టుకుంటారా లేదా!"

చేతులన్నీ ఒక్కసారే విడిపోయాయి.

కోత చేతులు. ఘాటుకు పేరుపడ్డ తేజ రకం కాయ. వేళ్లు పెట్టెల అద్దాల మీదికి, అంచుల స్పాంజీ మీదికి, అక్కణ్ణుంచి కళ్ల మీదికి పోయాయి. మొదట తేజశ్రీ అనే పిల్ల "అబ్బా" అంది. రాకెట్టును చూసి ఆశ్చర్యపోయిందని స్తుతి మేడమ్ సంతోషించింది. తర్వాత పెట్టుకున్న ఇద్దరూ కేక వేశారు. పెట్టెలు చేతులు మారేకొద్దీ కేకలు పెరిగాయి. షార్టు సర్క్యూటేమోనని స్తుతి మేడమ్ ఒక పెట్టె లాక్కుని, తానే పెట్టుకుని చూసింది.

ఆమె కింద కూలబడిపోయింది. హెడ్మాస్టరు అందుబాటులో ఉన్న శాలువాతో ఆమె కళ్లు తుడిచారు. ఎవరో నీళ్లు కొట్టారు, మంట మొహమంతా పాకింది. వంటామె మజ్జిగ చెంబుతో పరుగెత్తుకొచ్చింది. పిల్లలు ఏడుస్తూనే నవ్వుతున్నారు. పొలంలో ఇది వాళ్లకు కొత్త కాదు.

"కోత చేతులని తెలీదటే మీకు? కళ్లకెట్టా పెట్టుకున్నారే?" అని అరిచారు మాస్టారు.

"ముట్టుకోమని మీరేగా సార్ బెత్తం తీసింది," అంది తేజశ్రీ, కళ్లు మూసుకునే.

డ్రైవరు హైదరాబాదుకు ఫోను చేశాడు. ఎవరికైనా చిన్న ప్రమాదం జరిగినా అంతా ఆపి సర్దుకుని రావాలి. అదీ వాళ్ల నియమమే. అట్టపెట్టెల్లోకి మోటార్లు, రబ్బరు, కత్తెర్లు తిరిగి వెళ్లిపోతుంటే, ఇంత గోలలోనూ తల ఎత్తని సమీరా చేతిలోంచి కత్తెర కూడా తీసుకున్నారు.

ఆ పిల్ల చేసినవి పది రబ్బరు తొడుగులు, వేళ్లకు. లోపల మెత్తటి గుడ్డ అంటించి ఉంది. "అమ్మకి వేళ్లన్నీ పగిలిపోయినయ్ సార్. రాత్రి అన్నం కలుపుకోలేక స్పూనుతో తింటది," అంది.

మాస్టారు వాటిని దోసిట్లో పోసుకుని వ్యాను దగ్గరికి పరుగెత్తారు. స్తుతి మేడమ్ తడిగుడ్డ కళ్లకు అదుముకుని సీట్లో వాలి ఉంది.

"అమ్మా, ఒక్కసారి చూడండి. ఈ ఒక్క పిల్లది చూసి వెళ్లండి."

ఆమె గుడ్డ తీసి, వాచిన రెప్పలు విప్పబోయింది. నీళ్లు కారాయి. మంచి మనిషి, నిజంగానే ప్రయత్నించింది.

"ఏమీ కనపడట్లేదు సార్. ఫొటో పంపండి, ప్లీజ్."

మాస్టారు సమీరాను తొడుగులతో బోర్డు ముందు నిలబెట్టి, బర్నరు బొమ్మ కూడా పడేట్టు, ఫొటో తీసి పంపారు. వారం తర్వాత, సంస్థ పట్ల మీ ఆసక్తికి ధన్యవాదాలని సమాధానం వచ్చింది. ఎంపిక జాబితాలో నూతివారిపాలెం లేదు. జైతున్‌బీ ఆయన్ను ఏమీ అడగలేదు. దారిలో ఎదురైనప్పుడు తల వంచుకుని పక్కకు తప్పుకుంది. ఆయన కూడా మాట ప్రకారం ఆ గడప తొక్కలేదు. ఒక విషయంలో మాట నిలబెట్టుకోవడం ఆయనకు అంత కష్టమనిపించింది ఎన్నడూ లేదు.

సమీరా పరీక్షలు బాగానే రాసింది.

ఏప్రిల్లో, నల్లపాడు దగ్గర రోజూ దాటిపోయే కోల్డుస్టోరేజీ ముందు ఒకనాడు మాస్టారి స్కూటరు ఆగింది. షెడ్డు నిండా ఎర్రటి గుట్టలు. గుట్టల మధ్య వరసలుగా ఆడవాళ్లు కూర్చుని తొడిమలు తుంచుతున్నారు. జైతున్‌బీ చూసి కూడా తల ఎత్తలేదు. పక్కన సమీరా మాత్రం ఆయన్ను చూడగానే లేచి నిలబడి చేతులు కట్టుకుంది. ఉత్త చేతులు.

"తొడుగులు పెట్టుకోలేదేమ్మా?"

"రెండ్రోజులు పెట్టుకున్నాం సార్. తొడిమ జారిపోతంది. పట్టు దొరకాలంటే గోరు బయటికుండాల. అందుకని కొసలు కోశా."

"మంచి పని చేశావు."

"కోస్తే అందులోంచి కారం లోపలికి దిగి, అక్కడే ఉండి ఇంకా మండుద్ది సార్. గోరూ బయటికి రావాల, కారమూ దిగకూడదు. దానికేం చెయ్యాల సార్?"

అచ్చం క్లాసులో అడిగినట్టే అడిగింది. మాస్టారు ఆలోచించారు. బోర్డు మీద అలాంటి బొమ్మ ఆయన ఎప్పుడూ గీయలేదు. షెడ్డు చివర్నుంచి మేస్త్రి కేక వేశాడు. "ఏయ్, చేతులాగినయ్యేంది అక్కడ?"

సమీరా కదల్లేదు. మాస్టారు చెప్పేదాకా కట్టుకున్న చేతులు విప్పకూడదు. ఆ పద్ధతి నేర్పింది ఆయనే. ఆ పిల్ల ఇంకా సమాధానం కోసం ఆయన మొహంలోకే చూస్తోంది.

"చేతులు దించమ్మా," అన్నారు మాస్టారు. "పని చూసుకో."

ఆ పిల్ల కూర్చుని గుట్టలోంచి ఒక కాయ తీసింది. మాస్టారు బెల్టుకున్న తాళంచెవిని చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుని స్కూటరు వైపు నడిచారు.