రెండోసారి అడగని విమానం

మాది ఒకప్పుడు గొప్ప కుటుంబం. మా తాతగారు ఏనుగు పక్కన నిలబడ్డ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. ఏనుగు అద్దెదని నాన్న ఆలస్యంగా ఒప్పుకున్నారు గానీ, ఆ నిలబడిన తీరు మాత్రం సొంతమే. ఆస్తి కోర్టుల్లో కరిగిపోయింది. మేడలో ఇప్పుడు ట్యుటోరియల్ కాలేజీ నడుస్తోంది. నా వాటాకు నిటారు వెన్నెముక ఒక్కటే వచ్చింది. దానితో కెనడా వచ్చి, ఇక్కడి సైన్యంలో చేరి, ఒంటారియోలో సైనికులకు బూట్లూ దుప్పట్లూ ఇచ్చే గోదాములో కుదిరాను.

సైనిక విమానంలో సీట్లు మిగిలితే సెలవులో ఉన్నవాళ్లు సొంత పనులకు ఎక్కవచ్చు. దాన్ని స్టాండ్‌బై అంటారు. ముందు డ్యూటీ మీద వెళ్లేవాళ్లు, తర్వాత ఇంట్లో ఆపద వచ్చినవాళ్లు, చిట్టచివర నాలాంటివాళ్లు.

నా భార్య నాలుగు గంటల విమాన దూరంలో, ఎడ్మంటన్‌లో నర్సు. ఏడో నెల. శనివారం ఉదయం సీమంతం. అందుకోసం కాకినాడ నుంచి అత్తమామలు వచ్చి ఉన్నారు.

"ఎలా వస్తున్నారు బాబూ?" అని మామగారు ఫోన్లో అడిగారు.

"సైనిక విమానంలోనండి."

"మీకోసం పంపుతున్నారా?"

అవుననలేదు. కాదని కూడా అనలేదు. ఆ తర్వాత మామూలు టికెట్ కొనడానికి చెయ్యి రాలేదు. శుక్రవారానికి కొందామన్నా దొరకలేదు, లాంగ్ వీకెండ్.

శుక్రవారం ఉదయం సైనిక విమానాశ్రయం కౌంటర్‌లోని కార్పొరల్ నా పేరు పిలిచాడు. "ఒక్క సీటు మిగిలింది. కావాలా?"

మా ఇంట్లో మొదటిసారి అడిగితే వద్దనాలి. రెండోసారి కాస్త మెత్తగా వద్దనాలి. మూడోసారి, వాళ్ల మాట కాదనలేక అన్నట్టు తీసుకోవాలి. మొదటి మాటకే పులిహోర వేయించుకున్న అల్లుణ్ని మా మేనత్త చచ్చేదాకా క్షమించలేదు.

"ఫర్వాలేదు, ఇంకెవరికైనా చూడండి," అన్నాను.

"సరే," అని నా పేరు కొట్టేశాడు. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి వెళుతున్న సార్జెంటమ్మ ఒకావిడ నా పక్కనే కూర్చుని ఉంది, వెంటనే చెయ్యెత్తింది. సీటు ఆమెకు వెళ్లిపోయింది. నేను మాత్రం రెండో పిలుపు కోసం మర్యాదగా ఎదురుచూశాను.

ఫోన్ మోగింది. నా భార్య.

"సీటు దొరికిందా?"

"ఇస్తామన్నారు. వద్దన్నాను."

"ఎందుకూ?"

"మొదటిసారేగా అడిగారు."

"ఏవండీ, అది సీటు, అరిసె కాదు. మీరు లేకపోతే రేపు ఫంక్షన్ కాన్సిల్. డెలివరీలోపు ఇంకో ముహూర్తం లేదన్నారు పంతులుగారు. అమ్మ చీర కూడా ఐరన్ చేసి పెట్టింది. వెళ్లి అడగండి."

మా వంశంలో మూడు తరాలుగా ఎవరూ ఎవరినీ ఏదీ అడగలేదు, హైకోర్టును తప్ప. లేచి వెళ్లి సార్జెంటమ్మ ముందు నిలబడ్డాను.

"ఆ సీటు నాకిస్తారా?"

"నువ్వే వద్దన్నావు కదా?"

మా ఇంటి పద్ధతి చెప్పాను. సీమంతం సంగతీ చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"అయితే మీ ఇంట్లో భోజనానికి ఎంతసేపు పడుతుంది?"

"మధ్యాహ్నమంతా."

ఆమె పగలబడి నవ్వింది. "చేపలు వచ్చే వారం దాకా ఆగుతాయిలే," అని కౌంటర్ వైపు కేకేసింది. కార్పొరల్ తలెత్తకుండానే కొట్టేసిన పేరు మళ్లీ రాశాడు.

విమానంలో గోడ పొడవునా గుడ్డ సీట్లు, మధ్యలో చెక్కపెట్టెలు. కూర్చుని బెల్టు బిగించుకుని, ఫోన్ ఆపేముందు ఇంటికి చేశాను.

"ఎక్కాను."

"ఎలా ఇచ్చారు?"

"అడిగాను."

"మీరే?"

"నేనే."

ఆమె గొంతు నెమ్మదించింది. "కష్టమైందా?"

"మోకాళ్లు వణికాయి."

"ఇప్పుడో?"

"ఇప్పుడు ఎదుటి పెట్టెకు ఆనుకుపోయాయి. వణకడానికి చోటు లేదు."