నెమ్మది సంఘం, ఆగని సైకిళ్లు

2023 జూన్‌లో మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండ్ వెళ్లి ఎనిమిది రోజులు పల్లెదారుల్లో సైకిలు తొక్కి వచ్చారు. అక్కడ పరుగు లేదట, పందెం లేదట. పొద్దున్న బయల్దేరడం, గొర్రెలు అడ్డొస్తే ఆగడం, ప్రతి ఊళ్లోనూ టీ తాగడం, సాయంత్రానికి పక్క ఊరు చేరడం. వీళ్ల పెట్టెలను ఒక కంపెనీ వ్యానులో ముందే ఆ ఊరికి చేరవేసేదట. నన్ను తీసుకెళ్లలేదు. "మీ మోకాళ్లు ఒప్పుకోవు అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు. నా మోకాళ్లను ఎవరూ అడగలేదు.

నేను ఇరవయ్యారేళ్లు గోదావరి కాలవ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్లి హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఇరుకు దారి, రెండు పక్కలా పచ్చదనం, ఎదురొచ్చే పశువులు, మలుపు దగ్గర టీ కొట్టు. వాళ్లు తెచ్చిన ఇంగ్లండ్ ఫొటోల్లో ఉన్నవీ ఇవే. తేడా ఒక్కటే. నేను జీతం పుచ్చుకుని తొక్కాను, వాళ్లు డబ్బు కట్టి తొక్కారు.

2021 మార్చిలో దుబాయ్‌లో వీళ్ల దగ్గరికి వచ్చేశాను. పద్నాలుగో అంతస్తు బాల్కనీలో నిలబడితే, కింద సైకిలు కనబడినప్పుడల్లా నా కాళ్లు వాటంతటవే కదిలేవి. ఒక్కసారి, వెనక ఎవరూ పట్టుకోకుండా, మళ్లీ సైకిలు తొక్కాలి. ఈ దేశంలో నాకు అంతకు మించిన కోరిక లేదు.

ఇంగ్లండ్ నుంచి వచ్చాక అల్లుడు 'నెమ్మది' అని ఒక సైకిలు సంఘం పెట్టాడు. తొందర పడరాదన్నది మొదటి నియమం. అది అమలు కావాలంటే శనివారమో ఆదివారమో అయిదు కొట్టకముందే అందరూ లేచి పరుగెత్తాలి. ఇంటి ముందు రోడ్డు మీద తొక్కే వీల్లేదు గనక సైకిళ్లను కారు నెత్తిన కట్టి, హైవే మీద ముప్పావు గంట దూసుకుపోయి, ఎడారి మధ్య వేసిన సైకిలు బాట చేరి, అక్కడ దించి, నెమ్మదిగా తొక్కుతారు. నెమ్మదిగా తొక్కడానికి ఆలస్యమైపోతోందని దారిపొడుగునా హారన్లు కొడతారు.

సంఘానికి ఒక యాప్ ఉంది. ఎవరు ఎంత నెమ్మదిగా తొక్కారో అది చెబుతుంది. మొదట్లో ఊరికే చూసుకునేవారు. డిసెంబరుకల్లా అందులోనూ ఫస్టు, సెకండు వచ్చాయి. ఫస్టు వచ్చినాయన మధ్యలో నిలబడిపోయాడని సెకండు వచ్చినాయన గొడవ పెట్టుకున్నాడు. ఇంకొకాయన ఇంగ్లండు గాలి తగలాలని ఫోన్‌లో పక్షుల కూతలు పెట్టుకుని తొక్కేవాడు. పక్కనే ఇసుకలో నిజం పిట్టలు అరుస్తుంటే, వినబడటం లేదని ఫోను గొంతు పెంచేవాడు.

ఇంగ్లండులో పెట్టెలు మోసిన కంపెనీ ఉద్యోగం ఇక్కడ నాకు వచ్చింది. ఇడ్లీలు, కారప్పొడి, ఫ్లాస్కులతో కారులో ముందే వెళ్లి, మడత బల్ల వేసి కూర్చోవాలి. దీన్ని సపోర్ట్ వెహికల్ అంటారు.

"నేనూ ఒక చుట్టు తొక్కుతానే" అని 2023 నవంబరులో మా అమ్మాయిని అడిగాను.

"జనవరిలో చూద్దాంలే అమ్మా, చల్లబడనీ."

జనవరిలో అడిగితే, "ఇంత చలిలోనా? కీళ్లు పట్టేస్తాయి" అంది. ఫిబ్రవరిలో గాలి ఎక్కువంది. మార్చి చివర్లో అల్లుడు కల్పించుకుని, "వేడెక్కిపోయింది కదండీ అత్తయ్యగారూ, వచ్చే సీజన్ మీదే" అన్నాడు. ఎప్పుడేం చెప్పారో నేను మర్చిపోను. మర్చిపోతానన్న ధైర్యంతోనే వాళ్లు ఏ నెలకు ఆ నెల కొత్త కారణం చెప్పగలిగారు.

2024 అక్టోబరు 12, శనివారం, విజయదశమి. మర్నాడే ఆ సీజనుకి మొదటి సవారీ. దానికి అల్లుడి ఆఫీసు మేనేజరు వస్తానన్నాడు. ఆయన ఇంగ్లీషువాడు. ఆ పల్లెదారుల సంగతి వీళ్లకు చెప్పిందే ఆయన. ఆయన ముందు పరువు దక్కాలని అల్లుడు బిల్డింగు కింద పార్కింగులో సైకిళ్లకు ఆయుధపూజ పెట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు, హ్యాండిలుకి బంతిపూలు. పొడి కుంకుమ రాలిపోతోందని మా అమ్మాయి నువ్వుల నూనెలో ముద్దగా కలిపింది. గుండ్రంగా, మెరుస్తూ కనబడిన ప్రతిచోటా ఇద్దరూ కలిసి బొట్లు పెట్టారు. చక్రం మధ్యలో అద్దంలా మెరిసే ఇనప బిళ్ల ఉంటుంది. దానికి రెండు వైపులా, మూడేసి బొట్లు. ఊళ్లో నా సైకిలుకి అలాంటి బిళ్లే ఉండేది కాదు, నేను హ్యాండిలుకి పెట్టి ఊరుకునేదాన్ని.

అల్లుడు అదంతా వీడియో తీసి గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికల్లా సంఘంలో ప్రతి సైకిలుకూ అదే పద్ధతిలో పూజ జరిగింది. సంప్రదాయం అంత తొందరగా వ్యాపించడం నేనెప్పుడూ చూడలేదు.

ఆదివారం పొద్దున్న చిన్న వాలు కింద, బాట పక్కన బల్ల వేసుకుని కూర్చున్నాను. దూరం నుంచి కీచుమని పెద్ద శబ్దం మొదలైంది. రంపపు మిల్లు నడిచి వస్తున్నట్టుంది. ఇసుకలో మేస్తున్న జింకలు తలెత్తి, ఒక్కసారిగా పారిపోయాయి. వాలు మీద మొదట మా అల్లుడు కనబడ్డాడు. రెండు బ్రేకులూ బిగబట్టి, నవ్వడానికి ప్రయత్నిస్తూ, నా బల్ల ముందునుంచి అరుచుకుంటూ సాగిపోయాడు.

"టీ బాబూ!" అన్నాను.

"ఆగట్లేదండీ అత్తయ్యగారూ!"

వెనకే మా అమ్మాయి, పాదాలు నేలకి రాస్తూ. "అమ్మా, ఫ్లాస్కు మూత తియ్యకే, చల్లారిపోద్ది!" అంటూ అదీ వెళ్లిపోయింది. ఆ వెనక పక్షుల కూతలాయన, కూతలతో సహా. టీ కోసమే పుట్టిన సంఘం టీ ముందునుంచి ఒక్కొక్కరుగా వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చున్నాను.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో వర్క్‌షాపు నడిపే అల్లుడి స్నేహితుడు మాత్రం తెగించి సైకిలుని ఇసుకలోకి తిప్పి, నా కాళ్ల దగ్గర మెత్తగా పడ్డాడు. వాళ్లది కరీంనగర్ వైపు.

"బ్రేకులు పడ్తలేవు పెద్దమ్మా! బొట్టుల నూనె కలిపినం గదా, గదంత బ్రేకు పట్టే బిళ్లలకు పాకింది. ఖలాస్!"

"దెబ్బ తగిలిందా నాయనా?"

"దెబ్బ గాదు, ఆకలైతుంది. గా ఇడ్లీ ఇటియ్యి."

అందరికన్నా చివర మేనేజరు వచ్చాడు. సీజను మొదటి ఆదివారం కావడంతో అద్దె సైకిళ్లలో ఆయనకు మధ్య కడ్డీ లేని, బుట్ట ఉన్న ఆడవాళ్ల సైకిలొక్కటే మిగిలిందట. పూజకు నోచుకోని సైకిలు అదొక్కటే. బల్ల ముందుకొచ్చి, బ్రేకు నొక్కి, చక్కగా ఆగాడు.

"మీ సంఘంలో టీకి ఆగే ఆచారం లేదా?" అని అడిగాడు.

"ఉంది. ఇవాళ కుదరలేదు" అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో.

ఆయన ఇడ్లీని కారప్పొడిలో బాగా దొర్లించి తిన్నాడు. కళ్లనీళ్లు కారుతున్నా వద్దనలేదు. నేను బల్లకి ఆనించిన ఆ సైకిలునే చూస్తున్నాను. మధ్య కడ్డీ లేదు గనక చీరకి అడ్డం లేదు. బ్రేకు రబ్బర్లు రింగుకి పట్టేవి, నాకు తెలిసిన రకం. ఎత్తూ సరిపోతుంది.

"ఒకసారి తొక్కవచ్చా?"

"తప్పకుండా" అన్నాడాయన. మోకాళ్ల మాట ఎత్తలేదు. తన హెల్మెట్ కూడా తీసిచ్చాడు. అది నా కొప్పు మీద టోపీలా కూర్చుంది.

"పెద్దమ్మా, నీ బిడ్డ నన్ను సంపుతది" అన్నాడు వర్క్‌షాపాయన, నోట్లో ఇడ్లీతో.

"ఇసుకలో పడున్నాను, నాకేం కనబళ్లేదని చెప్పు."

కొంగు దోపుకుని ఎక్కాను. మొదట హ్యాండిలు ఇటూ అటూ ఊగింది. ఒక చక్రం ఇసుక అంచు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. తర్వాత కాళ్లకు సంగతి గుర్తొచ్చింది. గాలి చెవుల పక్కనుంచి పోతోంది. కాలవ లేదు, గట్టు లేదు, చూసినంత మేరా ఇసుక. అయినా అదే పని, అదే నేను.

కొంత దూరంలో సంఘమంతా సైకిళ్లను తోసుకుంటూ నడిచి వస్తోంది. నన్ను ముందు మా అమ్మాయే చూసింది.

"అమ్మా! నీక్కూడా బ్రేకులు పడట్లేదా? కాళ్లు కింద పెట్టు! ఏవండీ, పట్టుకోండి మా అమ్మని!"

అల్లుడు తన సైకిలు కింద పడేసి చేతులు చాచి అడ్డంగా నిలబడ్డాడు. అతని దగ్గరకొచ్చాక బ్రేకు ఒక్కసారి నొక్కి చూశాను. బాగా పట్టింది. వదిలేసి, గంట కొట్టి, పక్కనుంచి తిప్పుకుని ముందుకు పోయాను.

"ఇడ్లీలు బల్ల మీదున్నాయి. కారప్పొడి మీ మేనేజరుగారు పూర్తిచేసుంటారు, త్వరగా వెళ్లండి."

"అత్తయ్యగారూ, నెమ్మది!" అని వెనకనుంచి అల్లుడు అరిచాడు.

అది సంఘం నియమం. నన్నింకా సంఘంలో చేర్చుకోలేదు గనక, కాస్త గట్టిగానే తొక్కాను.