ఆడబిడ్డ ఇంటికి వెళ్లిన ర్యామ్

కంప్యూటర్ కొట్టులో ప్రశ్న నేనడిగితే, జవాబు మా ఆయనకు చెప్పారు. చాలా కాలమైంది కదా, ఇక వదిలెయ్యమని ఇంట్లో అందరూ అంటారు. అనేవాళ్లకేం, జరిగింది వాళ్లకు కాదు.

జూలూరుపాడులో, మా ఇంటి ముందు గదిలో కూర్చుని పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. మా ఆయన మిరప తోట వేస్తాడు. ఆ ఏడాది పెనుబల్లి వాళ్ల పెళ్లి ఒకటి ఒప్పుకున్నాను. భద్రాచలంలో చేశారు. నాలుగు కెమెరాలతో తీసిన వీడియో. నా కంప్యూటర్ ఆ బరువు మోయలేకపోయింది. మేనమామ పెళ్లికూతుర్ని గంపలో తెచ్చే చోటికి రాగానే బిగుసుకుపోయేది. గంప నేలకు దిగేది కాదు.

పెళ్లికూతురి తండ్రి ఫోన్ చేశాడు. "అమ్మా, మా కొత్త ఇంటి గృహప్రవేశానికి చుట్టాలందరూ వస్తారు. ఆ రోజు టీవీలో వెయ్యాలి. మీ వల్ల కాకపోతే చెప్పండి, కొత్తగూడెంలో ఇచ్చుకుంటాం" అన్నాడు. 'చెప్పండి' అన్న ఆ తీరు నాకింకా గుర్తుంది.

కొత్త కంప్యూటర్ కొనే స్తోమత లేదు. అందుకని ఉన్నదాన్నే ఓవర్‌క్లాక్ చేద్దామనుకున్నాను. అంటే, కంపెనీ పెట్టిన వేగాన్ని మించి పరుగెత్తించడం. దానికి ముందు ర్యామ్ మంచిది కావాలి. ఎంత పెద్దదన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. వేగం అంకె ఎక్కువుండాలి. సీఎల్ అనే అంకె తక్కువుండాలి, ఎందుకంటే అడిగింది తెచ్చివ్వడానికి ర్యామ్ చేసే ఆలస్యం అది. అన్నిటికంటే ముఖ్యం, కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టే రెండు ర్యామ్ ముక్కలూ ఒకే డబ్బాలో వచ్చిన జత కావాలి. కంపెనీ వాళ్లు ఆ రెండింటినీ కలిపి నడిపి చూశాకే డబ్బాలో పెడతారు. ఇదంతా నేర్చుకునే ఖమ్మం వెళ్లాను.

"అన్నా, ముప్ఫై ఆరు వందల స్పీడు, సీఎల్ పదహారు, జత డబ్బా ఉందా?" అని కొట్టు యజమానిని అడిగాను.

నా వెనక నిలబడి ఫ్యాను గాలికి చెమట ఆరబెట్టుకుంటున్న మా ఆయన వైపు చూశాడతను. "సార్, మేడమ్‌కు గేమ్స్ కోసమా, ఆఫీస్ పనికా?"

"అవ్" అన్నాడు మా ఆయన.

"ఏది సార్?"

"నన్నేం అడుగుతవ్? మిరప నారు గురించి అడుగు, చెప్త."

అయినా అతను నన్ను అడగలేదు. రంగు లైట్లు వెలిగే ర్యామ్ తీసి మా ఆయన చేతిలో పెట్టాడు. దాని సీఎల్ పద్దెనిమిది. "లైట్లు కాదు, అంకె చూడాలె" అన్నాను. "మేడమ్ బాగనే చదువుకొని వచ్చిండ్రు సార్" అని మా ఆయనతోనే నవ్వాడు. చివరికి లైట్లు లేని నల్ల జత డబ్బా నేనే వెతికి తీసుకున్నాను. బిల్లు మాత్రం మా ఆయన పేరున రాశాడు. ఇక ఆ కొట్టు మెట్టెక్కనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

నాకు ఖమ్మంలో ఇంకో పని ఉండి ఆగిపోయాను. మా ఆయన డబ్బా పట్టుకుని, కారేపల్లిలో వాళ్ల అక్కను చూసి ఇంటికొచ్చాడు. నేను వచ్చి డబ్బా విప్పితే అందులో ఒక్కటే ఉంది.

"ఇంకోటేది?"

"అక్కకిచ్చిన. వాళ్ల ఆన్‌లైన్ సెంటర్ల కంప్యూటర్ గూడ మెల్లగ నడుస్తుందంట. డబ్బల రెండున్నయి గద, చెరొకటి."

మా అత్తగారింటి పద్ధతే అంత. విత్తనాల ప్యాకెట్లు రెండొస్తే ఒకటి కారేపల్లి వెళ్లాలి. మా అమ్మ నాకు పెట్టిన రెండు ఇత్తడి బిందెల్లో ఒకటి ఇప్పటికీ అక్కడే నీళ్లు మోస్తోంది.

"అది జతయ్యా! ఎడ్ల జతల ఒకదాన్ని ఇస్తవా?"

"ఎద్దునెవడిస్తడు?" అన్నాడు, నాకు మతి పోయిందేమోనన్నట్టు చూస్తూ.

అలాంటిదే ఇంకొకటి తెమ్మని మళ్లీ కొట్టుకు పంపాను. లైట్లది పట్టుకొచ్చాడు. "అసొంటిదేనంట, పైంగ లైట్లు గూడ" అన్నాడు. నల్లదాన్నీ దాన్నీ పక్కపక్కన పెట్టాను. మామూలు వేగంలో రెండూ నడిచాయి. వేగం పెంచగానే తెర నల్లబడింది. కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పి టేబుల్ ఫ్యాను పెట్టినా లాభం లేదు. ఇంకో జత కొనే దారి లేదు. గృహప్రవేశం దగ్గర పడుతోంది. గంప గాల్లోనే ఉంది.

ఇచ్చినదాన్ని తిరిగి అడిగితే ఆ మాట చచ్చేదాకా పడాలి. అందుకని అడగకుండా తెచ్చుకోవాలని లైట్లదాన్ని చేతిసంచిలో వేసుకుని కారేపల్లి బస్సెక్కాను. ఆడబిడ్డ చూస్తుండగానే వాళ్ల కంప్యూటర్‌లో నల్లది తీసి లైట్లది పెట్టాను. ఎరుపు, పచ్చ, నీలం రంగులు జిరాక్స్ మిషను మీద పడ్డాయి.

"అబ్బో! గిది మాకేనా?"

"మీ సెంటర్‌కు నలుగురొస్తరు గద వదినె. మీకే బాగుంటది. నాకు ఆ నల్లది చాలు."

అక్కడ నోరు జారాను. ఆడబిడ్డ చటుక్కున నల్లదాన్ని తీసుకుని కొంగులో ముడేసింది.

"గింత మంచిది మాకిచ్చి నల్లదాన్ని తీస్కపోతవా? దీంట్ల ఏదో మతలబున్నది. పని లేంది నువ్వు కారేపల్లి రావు."

"ఏం లేదొదినె."

"ఏం లేకుంటే నా దగ్గర్నే ఉండనీ. కావాల్నంటే నోరు తెరిచి అడుగు. ఇయ్యనంటనా?"

ఆమె టీ పెట్టింది. తాగాను. ఇంటి ముందు బస్సు వచ్చి వెళ్లిపోయింది. అంతలో పెనుబల్లి నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. మళ్లీ వచ్చింది.

"ఇయ్యి వదినె" అన్నాను.

"ఏంది? ఇనపళ్లే."

"నల్లది ఇయ్యి. అది లేకుంటే నా పని ఆగిపోతది."

ఈసారి ఆమెకు వినపడింది. కొంగు ముడి విప్పి, నాకు బొట్టు పెట్టి, తమలపాకులో అరటిపండు పక్కన ర్యామ్ పెట్టి చేతికిచ్చింది. "మన ఇంటి ఆడపిల్ల లెక్కనే నువ్వు, అడిగితే కాదంటనా" అంది. అరటిపండు వద్దన్నాను.

ఇంటికొచ్చి రెండు నల్లవీ పక్కపక్కన పెట్టాను. వేగం అంకె నాలుగు వేలు చేసి, సీఎల్ పెంచకుండా అలాగే ఉంచాను. తెర వెలిగింది. గంప దిగింది, జీలకర్ర బెల్లం అయింది, తలంబ్రాలు అయ్యాయి, పెళ్లి ఆగకుండా అప్పగింతల దాకా నడిచింది. గృహప్రవేశం నాడు పెనుబల్లిలో అందరూ టీవీలో చూశారు. పెళ్లికూతురి తండ్రి బాగుందన్నాడు. ఆలస్యం గురించి కూడా అన్నాడు.

మా ఆయన ఆ వీడియో వాళ్ల అక్కకు పంపాడు. మర్నాడే ఆడబిడ్డ ఫోన్ చేసింది. చివరిదాకా చూసిందట. ఎడిటింగ్ అని నా పేరొక్కటే ఉందట.

"ర్యామ్ ఇచ్చినోళ్ల పేరు వెయ్యరా?"

"ఇచ్చింది కాదొదినె, మార్చుకున్నం. దానికి బదులు లైట్లది మీకిచ్చిన."

"నువ్వడిగినవా, నేనిచ్చిననా?"

వెయ్యనన్నాను. ఇప్పుడు ఏ శుభకార్యానికి వెళ్లినా, మా మరదలి కంప్యూటర్ ఆగిపోతే నాది పీకి ఇచ్చానని భోజనాల బంతిలో కూర్చున్నవాళ్లకు చెబుతోంది. లైట్ల సంగతి ఎత్తదు. నేను ఆ పక్క బంతిలో కూర్చుని, నా చుట్టూ ఉన్నవాళ్లకు లైట్ల సంగతి ఒక్కటే చెబుతున్నాను.