బర్రెకు మీసాలు

మొన్న నా మనవడు పెళ్ళాం చెయ్యి పట్టుకొని నా ముందే బస్సెక్కాడు. ఒక్కరు కూడా దగ్గలేదు. నిజాం కాలంలో మా ఇబ్రహీంపట్నంలో దోస్తు భుజం మీద చెయ్యేసుకొని అంగడంతా తిరిగినా అడిగే దిక్కు లేదు. కట్టుకున్నదానితో పగటిపూట రెండు మాటలాడితే మాత్రం, "పొద్దు గుంకేదాంక ఆగలేకపోతుండు" అని నవ్వేవాళ్ళు. మాదేమో ఒక్క అర్ర ఇల్లు, అందరం ఆ గదిలోనే పడుకునేవాళ్ళం. రాత్రి గుసగుసలాడినా పక్కనుంచి బాపు దగ్గేవాడు. ఇక మేం మాట్లాడుకునేదెప్పుడు, మా బొంద!

అమ్మకు దర్వాజ ఉండేది. ముప్పై ఏళ్ళుగా బాపుకు చెప్పాల్సిందంతా దర్వాజకే చెప్పింది. "ఉప్పు అయిపోయింది" అని దర్వాజతో అంటే బాపు ఉప్పు తెచ్చేవాడు. కొత్తగా కాపురానికొచ్చిన నా భార్య బర్రెను ఎంచుకుంది. పాలు పిండుతూ దానితో మాట్లాడేది. నేను పక్కన చొప్ప నరుకుతూ వినేవాణ్ణి.

"ఏమే, నిన్న సద్ది మర్చిపోయి పోయినవ్? ఎండల కడుపు మాడ్చుకుంటవా?"

నేనూ బర్రెకే జవాబు చెప్పేవాణ్ణి. ఆ కాసేపటి కోసమే రోజంతా బతికేవాణ్ణంటే నమ్మండి.

ఒక పొద్దున ఆమె, "ఆ మీసాలు జర కత్తిరించుకోవే, గుచ్చుకుంటున్నయ్" అంది. పేడ ఎత్తడానికొచ్చిన అమ్మ గంప కింద పడేసింది.

"బర్రెకు మీసాలేందే?"

ఆ వారమే బర్రెను మంచాల ఊరాయనకెవరికో అమ్మేశారు. నోరెత్తడానికి నాకు ధైర్యం చాలలేదు. మీసాలు మాత్రం కత్తిరించుకున్నాను.

కోడలు బర్రె మీద బెంగ పెట్టుకుందని వాడకట్టంతా జాలిపడింది. నాలుగు రోజులు ఇంట్లో ఆమె గొంతే వినపడలేదు. నాకు అన్నం సహించలేదు. ఐదోరోజు మధ్యాహ్నం నేనూ బాపూ జొన్నరొట్టె తింటుంటే, చెంబు ఠక్కున పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఎందుకమ్మనిచ్చినవ్? ఇగ నేనెవ్వలతోని మాట్లాడాలె?"

అందరి ముందు!

"నాతోనే మాట్లాడు" అన్నాను. నా గొంతు దూడ అరిచినట్టు వచ్చింది.

బాపు గబగబా పళ్ళెంలోనే చెయ్యి కడుక్కొని లేవబోయాడు. అమ్మ ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాను. అమ్మ చేతిలో రొట్టె పట్టుకొని బాపు ముందుకొచ్చింది.

"నిన్నే, ఇంకో రొట్టె పెట్టాల్నా?"

బాపు వెనక్కి తిరిగి దర్వాజను చూశాడు. తర్వాత అమ్మను చూశాడు. మళ్ళీ కూర్చొని, తడి చెయ్యి చాపి, "పెట్టు" అన్నాడు.